పాపము, రక్షణ: రెండు మాటల విమర్శనము

పరదేశమున పుట్టిన మతము మన దేశమున ప్రవేశించునపుడు దానికి మొదట కావలసినవి మాటలు. వానిని అది తనవెంట తెచ్చుకొనజాలదు. ఇచ్చట నున్నవానినే ఎరువు పుచ్చుకొనవలయును. ఎరువు సొమ్ము బరువు చేటని లోకోక్తి. ఎరువు మాటకును అట్టి బరువు కలదు. అది వెనుకటి యింటి వాసనను వదలక క్రొత్త యింటికి వచ్చును. క్రైస్తవ బోధకులు తమ సందేశమును తెలుగువారికి వినిపింపబూని యిట్లు పుచ్చుకొన్న మాటలలో ముఖ్యమైనవి రెండు. ఒకటి పాపము, రెండవది రక్షణ. తక్కిన సిద్ధాంతమంతయు ఈ రెండు రాటలమీద వేసిన పందిరి.

ఈ మాటలను గూర్చి మనలో రెండు తెరగుల వారున్నారు. వీధిని నిలిచి బోధించువారు "మీరు పాపులు, రక్షణ పొందుడు" అని పలికినంతనే వినువారికి అర్థమైనదని తలతురు. చదువుకొన్నవారిలో పెక్కురు ఆ పలుకులు విన్నంతనే పామరులను భయపెట్టుటకు పుట్టినవని నవ్వి పోవుదురు. మూలమున ఆ మాటల కర్థమేమి, తెలుగున నవి యేమని వినబడినవి అను విచారణ ఉభయులలోను అరుదు. మతమును నిలుపుటగాని పడగొట్టుటగాని ఈ వ్యాసమున మా పని కాదు. సంస్కృతమును ఇంగ్లీషును పిల్లలకు చెప్పుకొని బ్రదుకువారము గనుక మాటల మంచిచెడ్డలు చూచుట మాకలవాటు. ఆ పనియే యిచ్చట చేయుచున్నాము.

మొదట పాపమను మాటను చూతము. తెలుగునాట పుట్టిన బిడ్డ యీ మాటను బోధకుని నోట మొదట వినడు. తల్లి నోటనే వినును. అన్నము నేలపాలు చేసిన పాపము. పిల్లిని కొట్టిన పాపము. ప్రక్కయింటి ముసలవ్వ జారిపడినపుడు ఆ తల్లియే "అయ్యో, పాపము!" అనును. ఒక్క మాటయే చెడ్డపనికిని పేరు, జాలికిని పేరు. ఈ రెండర్థములెట్లు కలిసినవి? కష్టపడువాని కష్టము వాని పూర్వపాపఫలమని తలచు నలవాటుచేతనే అట్టివానిని చూచినప్పుడెల్ల ఆ మాట నోటికి వచ్చినదని మా యూహ. ఆ మాటలో జాలి కలదు. జాలి వెనుక ఒక తీర్పును కలదు.

శాస్త్రములలో పాపమునకు లెక్క యున్నది. మహాపాతకములైదు: బ్రహ్మహత్య, సురాపానము, స్తేయము, గురుతల్పగమనము, ఈ నాలుగింటిని చేసినవారితోడి సంసర్గము. వీనికి దిగువను ఉపపాతకములు. ఒక్కొక్కదానికి కృచ్ఛ్రములు, చాంద్రాయణములు. మనుస్మృతి పదునొకండవ అధ్యాయమును తెరచి చూడుడు. క్షత్రియుని చంపినవానికి బ్రహ్మహత్యా ప్రాయశ్చిత్తములో నాలుగవ వంతు, వైశ్యుని చంపినవానికి ఎనిమిదవ వంతు, శూద్రుని చంపినవానికి పదునారవ వంతు. ఇచ్చట పాపము చంపినవాని హృదయమునుబట్టి తూగలేదు. చచ్చినవాని వర్ణమునుబట్టి తూగినది. ఐదవ మహాపాతకమైన సంసర్గమును చూచితిమేని పాపము అంటువ్యాధి వంటిదను భావము కనబడును. ఛాందోగ్యోపనిషత్తు ఐదవ ప్రపాఠకము చెడునడతగలవారు కుక్కగానో, పందిగానో, చండాలుడుగానో పుట్టుదురని చెప్పుచున్నది. ఈ మూడింటిని ఒక్క వరుసను కూర్చిన వాక్యము ఎంత ప్రాచీనమైనను, ఎంత పూజ్యగ్రంథములోనిదైనను, చదివినప్పుడెల్ల మనసు చివుక్కుమనక మానదు.

ఇట్టి చరిత్రగల మాటను తీసికొని మాలపల్లెకును మాదిగపల్లెకును పోయి "నీవు పాపివి" అనినచో వినువాడేమనుకొనును? అది వానికి క్రొత్త వార్త కాదు. తాత నాటినుండి ఊరు వానితో చెప్పుచున్నది అదియే. పాపము చేసితివి కనుకనే యీ పుట్టుక పుట్టితివని ఊరు చెప్పినది; పాపివి కనుక మా దేవుని శరణు చొచ్చుమని బోధకుడు చెప్పుచున్నాడు. సువార్తయనగా మంచి వార్త. ఇందు మంచి యేది, వార్త యేది? ఈ ప్రశ్నకు సమాధానము మూలమున వెదకవలయును.

పాత నిబంధనమునకు మూలమైన హెబ్రీ భాషలో పాపమునకు ఒక్క మాట లేదు. ముఖ్యమైనవి మూడు కలవు. ఒకదానికి గురి తప్పుట యని మొదటి యర్థము. న్యాయాధిపతుల గ్రంథము ఇరువదవ అధ్యాయమున తలవెండ్రుకకు గురిపెట్టియు తప్పక ఒడిసెల విసరగల యేడువందల ఎడమచేతివాటము వీరుల ప్రసక్తి వచ్చును. అచ్చట తప్పుట కుపయోగించిన క్రియయే తక్కినచోట్ల పాపము చేయుట కుపయోగించిన క్రియ. రెండవ మాటకు వంకర యని యర్థము; మూడవదానికి తిరుగుబాటు. ఏబదియొకటవ కీర్తన మొదటనే యీ మూడును వరుసగా వచ్చును. తెలుగు బైబిలున అవి అతిక్రమములు, దోషము, పాపము అని చక్కగా వేరుపరుపబడినవి. క్రొత్త నిబంధనమునందలి గ్రీకు పదమగు హమర్తియకును గురి తప్పుటయే ధాత్వర్థము. హోమరు కావ్యమున వీరుని బల్లెము గురి తప్పినచోట ఈ క్రియయే వచ్చును. అరిస్టాటిలు తన కావ్యశాస్త్రమున విషాదాంత నాటకనాయకుని పతనమునకు హేతువుగా చెప్పిన పొరపాటును ఈ మాటయే. ఇందు జాతి లేదు, స్పర్శ లేదు, పూర్వజన్మము లేదు. ఒక గురి యున్నది. దానిని మనుష్యుడు అందుకొనలేకపోయినాడు. పాపమనుమాట తెలుగున పుట్టుకవైపునకు, వెనుకకు, చూపును త్రిప్పును. మూలమునందలి మాట గురివైపునకు, ముందునకు, త్రిప్పును.

మాట మారిన మతమే మారునను దానికి యూరపుఖండ చరిత్రలోనే దృష్టాంతము కలదు. పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ ఐదవ అధ్యాయమున మరణము అందరికి సంప్రాప్తమైన విధమును చెప్పుచు, అందరును పాపము చేసినందున అను నర్థమిచ్చు గ్రీకు పదములు వాడెను. లాటిను భాషాంతరీకర్తలు దానిని "ఎవనియందు అందరును పాపము చేసిరో" యని చదువుటకు వీలగునట్లు మార్చిరి. 354 మొదలు 430 వరకు జీవించిన అగస్టీను ఆ లాటిను పాఠమును పట్టుకొని, ఆదామునందే మానవజాతి యంతయు పాపము చేసెను గావున శిశువు పుట్టుకతోనే దోషియని వాదించెను. పెలాజియసు అను సన్యాసి అట్లు కాదనెను, ఓడిపోయెను. ఆ సిద్ధాంతమునకు ఆ యొక్క పాఠమే ఆధారమని మేమనము. కాని ఆ పాఠము లేనిచో దానికంత బలము వచ్చెడిది కాదు.

ఆ సిద్ధాంతము తెలుగునకు జన్మపాపమను పేరిట వచ్చినది. అగస్టీనునకు ఆ మాట రాజునకును బానిసకును సమానమగు పుట్టుకను తెలుపును. మన పల్లెలలో జన్మపాపమనిన ఎవరి జన్మము గుర్తునకు వచ్చునో చదువరులే యూహింపవచ్చును. అందరి పుట్టుకను ఒక్కటి చేయుటకు పుట్టిన మాట, కొందరి పుట్టుకపై ముద్రవేసిన మాటతో వచ్చి కలిసినది.

ఇంతకంటె మేలైన మాట తెలుగు బైబిలునందే యున్నది. అది ఋణము. మత్తయి సువార్తలోని ప్రభువు ప్రార్థనయందు క్షమింపుమని వేడుకొనునది పాపములను గాదు, ఋణములను. లూకా దానినే పాపములని వ్రాసెను; వెంటనే తమకు అచ్చియున్నవారిని తాము క్షమించుటను చెప్పుచు అప్పు భాషలోనికే తిరిగి వచ్చెను. ఈ భాష మనకు పరాయిది కాదు. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో బ్రాహ్మణుడు పుట్టునని తైత్తిరీయసంహిత చెప్పుచున్నది. ఋగ్వేదము రెండవ మండలమున వరుణసూక్తమొకటి కలదు. అందు ఋషి తాను చేసిన ఋణములను తొలగింపుమని వరుణుని వేడుచు, ఇతరులు చేసినదానిని తాననుభవింపకుండునట్లు చేయుమని కోరుచున్నాడు. ఏడవ మండలమున వసిష్ఠుడు తన మిత్రుడైన వరుణునకు తానేమి యపరాధము చేసితినని కుములుచు, పిదప సురను, క్రోధమును, పాచికలను, అజ్ఞానమును కారణములుగా చెప్పుకొనును. అచ్చట పాపము లెక్కలోని అంకె కాదు; స్నేహమునకు కలిగిన భంగము. యూదుల కీర్తనకారుడును మన వసిష్ఠుడును ఒక్క అరుగుమీద కూర్చుండి మాటలాడుకొనదగినవారు.

ఋణమనుమాట రైతునకును పాలేరునకును చెప్పక తెలియును. ప్రోనోటు తిరుగవ్రాయుట, వడ్డి అసలును మించుట, తండ్రి పుచ్చుకొన్న నాలుగు బస్తాల గింజలకై కొడుకు భూస్వామి యింట పాలేరై కట్టుబడుట మన పల్లెల బ్రదుకు. మదరాసు రాజధానిలో రైతుల ఋణభారమును తగ్గించుటకు 1938లో శాసనము వచ్చినది. అప్పునకై మనుష్యుని కట్టివేయు వెట్టిచాకిరిని నిషేధించు శాసనము దేశమంతటికిని 1976లో గాని రాలేదు. ఇట్టి జనులకు "నీ బాకీ కొట్టివేయబడినది" అను మాట ఎంతటి వార్తయో వేరుగా చెప్పనక్కరలేదు. విమోచనమను బైబిలు పదమునకు మూలార్థమును సొమ్ము చెల్లించి బానిసను విడిపించుటయే.

మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయములోని అచ్చియున్న దాసుని కథను ఈ దృష్టితో చదువవలెను. వాడు రాజునకు పదివేల తలాంతులు బాకీ. తలాంతు ఇంచుమించు ఆరువేల దేనారములు. దేనారము ఒక దినపు కూలి. అనగా ఆ బాకీ ఆరుకోట్ల దినముల కూలి; ఏటికి మూడువందల దినములు పనిచేసినను రెండు లక్షల యేండ్లు పట్టును. తీర్చెదను, ఓపిక పట్టుమని వాడు బ్రతిమాలుట వినువారికి నవ్వు పుట్టింపవలెను. రాజు గడువీయలేదు, బాకీనే కొట్టివేసెను. బయటికి వచ్చిన దాసుడు తనకు నూరు దేనారములు, అనగా నూరు దినముల కూలి, అచ్చియున్న తోటిదాసుని గొంతు పట్టుకొనెను. పాపమననేమి, క్షమయననేమి, క్షమింపబడినవాడు చెడుటయననేమి, మూడింటిని ఈ చిన్న కథ చెప్పినది. ఇందు ప్రాయశ్చిత్తము లేదు, పశువు లేదు, రక్తము లేదు. పెద్ద బాకీ మరచి చిన్న బాకీకి గొంతు పట్టుకొనువాడే యిందు పాపి.

ఇక రక్షణ. హాలె నగరమున 1746లో బెంజమిన్ షుల్జ్ అను జర్మను బోధకుడు తెలుగున అచ్చొత్తించిన పుస్తకములలో ఒకదాని పేరు మోక్షానికి కొంచుపొయ్యే దోవ. తెలుగు అచ్చుపుస్తకములలో మొదటి కాలమునకు చెందిన ఈ పుస్తకపు పేరున రెండు విశేషములున్నవి. గ్రాంథిక వ్యావహారిక వాదము పుట్టుటకు నూటయేబదియేండ్లకు పూర్వమే అందు వీధిలో పలుకు తెలుగు వినబడుచున్నది. రెండవది, షుల్జ్ వాడినది మోక్షమనుమాట. వాడుకలోని తెలుగు బైబిలున ఈ తావును రక్షణ యను మాట ఆక్రమించినది. మోక్షమును ముక్తియు కీర్తనలలో మాత్రము నిలిచినవి. పాడువారికి అవియే ఇంపుగా తోచియుండును.

ఈ మార్పు మంచిదే. మోక్షమనగా విడుదల, సంసారచక్రమునుండి, జన్మపరంపరనుండి తప్పించుకొనుట. క్రైస్తవులు చెప్పునది అది కాదు. వారికి లోకము చెరసాల కాదు, చెడిపోయిన యిల్లు. రక్షణ యనుమాటలో కాపాడుట యున్నది. కాపాడువాడొకడు, కాపాడబడువాడొకడు ఉన్నారు. అయినను గ్రీకు సోతేరియకు మరియొక యర్థము కలదు. అదియే రక్షణ యను మాటలో జారిపోయినది. ఆ యర్థము ఆరోగ్యము.

లూకా సువార్తలో ఇద్దరు స్త్రీలున్నారు. ఏడవ అధ్యాయమున పరిసయ్యుని యింటికి పిలువనిదే వచ్చి యేసు పాదములను కన్నీటితో తడిపిన స్త్రీ; ఊరిలో పాపాత్మురాలని పేరుపడినది. ఎనిమిదవ అధ్యాయమున పండ్రెండేండ్లనుండి రక్తస్రావముతో బాధపడుచు జనసమూహమున వెనుకనుండి వచ్చి ఆయన వస్త్రపు చెంగు ముట్టిన స్త్రీ. ఆమె వ్యాధి యూదుల ధర్మశాస్త్రము ప్రకారము మైల. ఇద్దరితోను యేసు వారి విశ్వాసమును గూర్చి పలికిన గ్రీకు వాక్యమొక్కటియే, అక్షరభేదము లేదు. తెలుగున మొదటియామె రక్షింపబడినది; రెండవయామె స్వస్థపరుపబడినది. సందర్భమునుబట్టి యిట్లు వేరుచేయుట భాషాంతరీకర్తలకు సహజముగా తోచియుండును. ఇంగ్లీషువారును అట్లే వేరుచేసిరి. కాని నష్టమేమనగా, ఊరు వెలివేసిన నడత గల స్త్రీకిని, ఊరు ముట్టరాదన్న దేహము గల స్త్రీకిని ఆయన ఇచ్చినది ఒక్కటియేనను విషయము తెలుగు చదువరికి తెలియకుండపోయినది. ఇది కూడదను అంటరానితనమును ఒక్క క్రియాపదముతో తీసివైచిన ఘట్టము. అంటరానితనమున్న దేశమున చదువదగిన ఘట్టములలో ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి మాకు కనబడదు. అట్టిదానిని మాట రెండుగా చీల్చుటచేత కప్పివైచితిమి. మన భాషలో బాగుచేయుట యను మాట కలదు. రోగికిని, ఇంటికిని, బ్రదుకునకును అది చెల్లును. ఇద్దరిని బాగుచేసెనని వ్రాసినచో గంభీరత తగ్గునని కొందరందురు. అర్థము మిగులునని మేమందుము.

రక్షణ ఎట్లు కలుగునను ప్రశ్నకు వీధిబోధలో తరచుగా వినబడు ఉపమానమొకటి కలదు. న్యాయాధిపతి తన కొడుకునకే జుల్మానా విధించి, గద్దె దిగివచ్చి ఆ సొమ్ము తానే చెల్లించెనట. కథ వినుటకు బాగుగనేయున్నది. కాని జుల్మానా ఒకరిది ఒకరు కట్టవచ్చును. ఉరి ఒకరిది ఒకరు అనుభవింపవచ్చునని ఏ ధర్మాసనమును ఒప్పదు. నిర్దోషిని శిక్షించి దోషిని విడుచుట న్యాయమని పిల్లలకు చెప్పిన, వారు బడిలోనే ఎదురు ప్రశ్న వేయుదురు. ఈ కథ సువార్తలలోనిది కాదు. దాని వెనుకనున్న తర్కము చాలవరకు 1098 ప్రాంతమున ఆన్సెల్ము దేవుడేల మనుష్యుడయ్యెనను గ్రంథమున కట్టినది. నాటి యూరపులో ప్రభువు గౌరవమునకు భంగము కలిగిన తగిన పరిహారము చెల్లింపక తీరదు. ఆ లోకపు న్యాయమును ఆయన పరలోకమునకు ఎత్తెను. తరువాతి తరమువాడైన ఆబెలార్డు క్రీస్తు మరణము మనుష్యుని హృదయమున ప్రేమను రగిల్చుటకేగాని బాకీ చెల్లుటకు కాదని చెప్పెను. క్రైస్తవులలోనే యీ భేదము తొమ్మిది శతాబ్దములనుండి యున్నది. బోధకులు ఒక్క పక్షమునే సువార్తగా చెప్పుట న్యాయము కాదు.

మన దేశమున ఈ వాదమును మొదట గట్టిగా నడిపినవారు రామమోహనరాయలవారు. ఆయన 1820లో సువార్తలనుండి యేసుని నీతివాక్యములను మాత్రము ఏరి ప్రకటించి, ఇవియే శాంతిసుఖములకు చాలుననెను. శ్రీరామపురమునందలి మార్ష్‌మన్, ప్రాయశ్చిత్తము లేని నీతి మనుష్యుని రక్షింపజాలదని ఖండించెను. 1823 వరకు రాయలవారు మూడు విజ్ఞప్తులు వ్రాసి బదులు చెప్పిరి. ఆయనతో వాదింపవచ్చిన విలియం ఆడం అను బాప్టిస్టు బోధకుడు ఆయన పక్షమునకే వచ్చెను. ఒకరి పాపమునకు ఒకరిని శిక్షింపరాదన్న రాయలవారి వాదము నేటికిని చెక్కుచెదరలేదు. కాని నీతివాక్యములు చాలునన్న మాట మాత్రము చాలదు. నీతి తెలియక చెడువారెందరు? తెలిసియు చెడువారే మెండు. ఇష్టము లేకున్నను ఎవరో బలవంతము చేసినట్లు మనుష్యుడు పాపమేల చేయునని గీత మూడవ అధ్యాయమున అర్జునుడడిగిన ప్రశ్నయు, తాను కోరు మేలు చేయక కోరని కీడే చేయుచున్నానని రోమీయులకు వ్రాసిన లేఖ యేడవ అధ్యాయమున పౌలు పడిన వేదనయు ఒక్కటియే. ఈ ప్రశ్న పుట్టిన హృదయమునకు నీతిసూత్రముల పట్టిక ఇచ్చుట, ఈతరాక మునుగుచున్నవానికి ఈత నేర్పు పుస్తకమిచ్చుట వంటిది. మార్ష్‌మన్ చూపిన మందు తప్పైనను చూపిన రోగము నిజము.

ఆ రోగమునకు తెలుగు బైబిలు చూపిన మందు పేరు మారుమనస్సు. ఈ ఒక్కమాటకై భాషాంతరీకర్తలకు మన భాష ఋణపడియున్నది. గ్రీకున మెతనోయ యనగా మనస్సు మారుట. లాటినువారు దానిని ప్రాయశ్చిత్తము చేయుడను నర్థమిచ్చునట్లు త్రిప్పిరి. దానినుండి కర్మకాండ పెరిగినది. 1516లో ఎరాస్మసు గ్రీకు మూలమును అచ్చొత్తించిన మరుసటియేడు లూథరు తన 95 వాక్యములలో మొదటిదానిని ఈ మాట యర్థమునుగూర్చియే వ్రాసెను. లాటినువారు శతాబ్దములు పోగొట్టుకొన్న యర్థమును తెలుగు పదము అచ్చముగా పట్టియిచ్చినది. పశ్చాత్తాపమనిన వెనుక మండుట. అది మండి చల్లారవచ్చును. మారుమనస్సు అట్లు కాదు. మారుగుడ్డ, మారుమాట అన్నట్లే ఒకదాని స్థానమున మరియొకటి రావలసినదే.

పాపమనుమాటనే ఎత్తవలదని వాదించువారు కలరు. 1893లో చికాగో సభయందు వివేకానందస్వామి మనుష్యులను పాపులనుటయే పాపమని గర్జించెను. నాటి పరిస్థితిలో, దేశమంతటిని పాపాంధకారమని వర్ణించువారి యెదుట, ఆ గర్జనము కావలసినదే. అయినను మన పూజలలో ప్రదక్షిణము చేయునపుడు నిత్యము తన్ను తాను పాపియని, పాపసంభవుడనని చెప్పుకొను శ్లోకమున్నది. ఆ మాట దేవుని యెదుట చెప్పి, గడప దాటిన తరువాత దానిని పాలేరుకు వదలివేయుటయే మన జబ్బు. మనకు కావలసినది మాటను మానుట కాదు. దానిని అందరికి సమానముగా పంచుట.

ఇచ్చటనే పైనడిగిన ప్రశ్నకు సమాధానమున్నది. పౌలు వాక్యమున బరువు పాపులను పదముమీద లేదు. అందరును అను పదముమీద నున్నది. యూదుడును గ్రీసు దేశస్థుడును భేదము లేదని చెప్పుటకే ఆయన ఆ లేఖ వ్రాసెను. ఈ 'అందరును' అను మాట మాదిగపల్లెలో వినబడినపుడు అది నిజముగా వార్త. కరణము పాపి, మునసబు పాపి, పురోహితుడు పాపి, నిన్ను పాపివన్న ప్రతివాడును పాపి. దేవుని యెదుట నీకంటె ఒక్క మెట్టు పైనున్నవాడు లేడు. ఒంగోలు ప్రాంతమున ఈ మాటను తోలుపనివారి యిండ్లకు మోసినవారిలో మొదటివాడు యెర్రగుంట్ల పేరయ్య. ఆయన అంతకు పూర్వము రాజయోగ సంప్రదాయమున గురూపదేశము పొందినవాడు. దేవుడొక్కడేయని వెదకుచు వచ్చినవాడేగాని ఏమియు తెలియక చిక్కినవాడు కాడు. 1866లో ఒంగోలు చేరిన క్లౌ దొర, 1876 మొదలు 1878 వరకు సాగిన కరవులో బకింగుహాము కాలువ త్రవ్వకమున కొంతభాగము గుత్తకు తీసికొని వేలమందికి కూలి చూపెను. కరవు కాలమున బాప్తిస్మమీయ నిరాకరించెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూటికై పోయిరని యనువారుందురు. కూడు కాలువపనివలన ముందే దొరకినది. ఏటిలో దిగినది మనుష్యుడనిపించుకొనుటకు.

అయితే ఆ 'అందరును' ఎంతకాలము నిలిచినది? బోధకులలో కొందరు పాపులనగా అన్యులు, రక్షింపబడినవారనగా మేమని అర్థము మార్చిరి. పౌలు గోడ పడగొట్టుటకు తెచ్చిన పలుగుతో క్రొత్త గోడ కట్టిరి. సంఘములలో కులము పోలేదు. మాలలకొక గుడి, మాదిగలకొక గుడి, అగ్రవర్ణములనుండి వచ్చినవారికి వేరు బల్లలు, వేరు సంబంధములు, శ్మశానమున వేరు తావులు మన జిల్లాలలో ఎరుగనివారు లేరు. షెడ్యూల్డు కులములను గూర్చిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు హిందువులు కానివారికి ఆ పట్టికలో చోటీయలేదు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును చోటిచ్చినది. క్రైస్తవుడైనవానికి కులము పోయినదని ఉత్తరువు తలచినది. ఊరు తలచలేదు, సంఘమును తలచలేదు. పదివేల తలాంతులు క్షమింపబడినవాడు తోటిదాసుని గొంతు పట్టుకొనుట యనగా ఇదియే.

వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబమున పుట్టిన జాషువా ఈ రెండు దిక్కుల బాధను ఎరిగిన కవి. 1941 నాటి గబ్బిలమున ఆయన నాయకుడు గుడిలోనికి తాను పోలేక, పోగల గబ్బిలముతో కాశీనాథునకు తన మొర పంపును. కర్మసిద్ధాంతమును నిలదీయుట ఆ కావ్యపు గుండె. తన దైన్యము తన పాపమా, చూచి యూరకున్నవారి పాపమా యని ఆ నాయకుడు అడిగినట్లు మాకు వినబడును. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన కవియే ఆ ప్రశ్నను శివునికి పంపెననుట గమనింపదగినది. పాపమునుగూర్చి తెలుగున వ్రాయబడిన వ్యాఖ్యానములలో మతగ్రంథములకంటె ఈ చిన్న కావ్యము పై మెట్టుననున్నదని మా తలంపు. అది పాపమనుమాట చూపును పుట్టుకనుండి త్రిప్పి, చేసినవానివైపునకు పెట్టినది.

కాబట్టి మేము చెప్పదలచినది యింతే. బైబిలును తిరుగ తెనిగించు పండితులు లూకాలోని ఆ యిద్దరు స్త్రీలకును ఒక్క మాటయే వాడుదురుగాక. బోధింపబోవువారు ప్రాయశ్చిత్తపు తర్కమునకంటె ఋణపు కథను ముందుగా చెప్పుదురుగాక. పాపులను పదము పలుకుటకు ముందు అందరును అను పదమును పలుకుదురుగాక, ఆ అందరిలో తామును తమ సంఘపు బల్లలును ఉన్నవని యెరుగుదురుగాక. సంస్కారము కోరువారు పాపమనుమాట వినగానే నవ్వక, మారుమనస్సను మాటను తమదిగా చేసికొందురుగాక. శాసనములు నూరు చేసినను అది లేనిదే పల్లె మారదు. ఎరువు తెచ్చిన మాటను వాడుకొనువారు దానిని శుభ్రపరచి తిరిగి యిచ్చుట మర్యాద. క్రైస్తవులు మన పాపమను మాటను ఎరువు పుచ్చుకొని రెండు శతాబ్దములు దాటినవి. దానికి పట్టియున్న పుట్టుకమైలను కడుగుట వారికిని మనకును మిగిలియున్న బాకీ.